పరుగెత్తలేడు, పరుగెత్తలేదు

పరుగుపందెంలో గెలిచిన కుర్రవాడు అసలు పరుగే ఎత్తలేదని తేల్చడానికి మా కళాశాల యుద్ధసహాయ క్రీడాసంఘం ఆరుసార్లు సమావేశమైంది. ఆ ఆరింటికీ నేను హాజరయ్యాను. ఆరుసార్లూ టీ తాగాను, మూడుసార్లు సంతకం పెట్టాను. కాబట్టి ఈ సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు దొరకడు. అది నాకు గర్వకారణమేమీ కాదు.

1943వ సంవత్సరం. పెదరేవులో రాజావారి కళాశాల. నేను అక్కడ తర్కశాస్త్రం చెప్పేవాణ్ణి. యుద్ధం ఎక్కడో బర్మాలో జరుగుతూ ఉండేది. అయినా పెదరేవులో దానికి ఏ లోటూ రాకుండా చూసుకునే పెద్దమనుషులు ఊళ్ళో కావలసినంతమంది ఉన్నారు. మా టెన్నిస్ కోర్టును విమానదాడి కందకాలుగా తవ్వించారు. తొలకరికి కందకాలు నిండి, కప్పలు చేరాయి. తరగతి కిటికీల అద్దాలకు కాగితపు పట్టీలు అతికించారు. ఆ పట్టీల వెనకున్న గంజిని బల్లులు నాకేవి. రబ్బరు యుద్ధానికి కావాలని మా ఫుట్‌బాల్ బ్లాడర్లు పదమూడూ ఊరేగింపుగా తీసుకెళ్ళి కలెక్టరు కచేరీలో సమర్పించాం. అవి రెండేళ్ళు కచేరీ వరండాలోనే ఉన్నాయి.

ఈ ఉత్సాహమంతటికీ మూలపురుషుడు రావు బహదూర్ సర్వారాయుడు గారు. ఆయన యుద్ధసంఘానికి అధ్యక్షులు, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బియ్యపు మిల్లుకు యజమాని. ఆ రోజుల్లో పెదరేవులో బియ్యం దొరికేవి కావు. ఎందుకు దొరకవని ఎవరైనా అడిగితే ఆయన కళ్ళు తుడుచుకుని, "సైనికుణ్ణి తలుచుకోండి నాయనా," అనేవారు. మా ప్రిన్సిపాల్ భాష్యకారాచార్యులు గారికి తన పేరు ముందు రావు సాహెబ్ అని రాసుకోవాలని తొమ్మిదేళ్ళుగా కోరిక. అందుచేత రావు బహదూర్ గారు తుమ్మితే ఆచార్యులవారు దాన్ని సర్క్యులర్‌గా మార్చి క్లాసుల్లో చదివించేవారు.

అలా వచ్చిన సర్క్యులర్లలో ఒకటి, పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థులందరూ సైన్యపు వైద్యపరీక్షకు హాజరుకావాలన్నది. నిర్బంధం లేదు, స్వచ్ఛందమే. స్వచ్ఛందంగా రానివారి పేర్లు మాత్రం నోటీసు బోర్డులో పెడతామన్నారు.

చాలామంది మొహం వేలాడేసుకుని వెళ్ళారు. సంతోషంగా వెళ్ళినవాడు ఒక్క కనకలింగమే.

కనకలింగం సీనియర్ ఇంటర్. ఊరు నేతపాలెం, పెదరేవుకు ఏడు మైళ్ళు. తండ్రి లేడు. ఇంట్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు, రెండు మగ్గాలు. నూలు రాక మగ్గాలు ఏడాదిగా మూలపడ్డాయి. ఇంట్లో పొద్దున గంజి, రాత్రి ఏదైనా దొరికితే దొరికినట్టు. పెట్రోలు లేక మా బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి, లేదా నడవకుండా నిలబడేవి. దాన్ని నమ్ముకుంటే చదువు సాగదని కనకలింగం రోజూ పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. పుస్తకాలు నడుముకు గుడ్డతో కట్టుకుని, చొక్కా విప్పి చేత పట్టుకుని, కాలువగట్టు మీద కనపడేవాడు. వంతెన దగ్గర ఎత్తు రాగానే బస్సు దగ్గుతూ ఆగేది, డ్రైవరు దిగి బొగ్గు కుంపటి కెలికేవాడు. ఇంతలో కనకలింగం దాన్ని దాటేసేవాడు. బస్సులో టిక్కెట్టు కొన్న పెద్దమనుషులకు అది చాలా అవమానంగా ఉండేది. నా మొదటి గంటకు వాడు ఎన్నడూ ఆలస్యంగా రాలేదు. ఆ బస్సులో వచ్చే నేను చాలాసార్లు వచ్చాను.

సైన్యంలో చేరితే ఇంటికి తిండి అని వాడి ఆశ.

వైద్యపరీక్షకు మద్రాసునించి ఒక మేజరు దొర వచ్చాడు. నలభై నిమిషాల్లో అరవైముగ్గుర్ని చూశాడు. పాదం నీళ్ళలో ముంచి ఒక పలక మీద పెట్టమనేవాడు. పలకమీద పాదం మధ్యలో ఖాళీ కనబడాలి. కనకలింగం పాదం ముద్ర రొట్టెలా నిండుగా పడింది. దొర తల ఎత్తి మనిషిని చూడలేదు. పలకను చూసి, కాగితం మీద రాసి, ముద్ర కొట్టాడు. "చదును పాదాలు. పరుగెత్తడానికి, మైలుకు మించి నడవడానికి శాశ్వతంగా పనికిరాడు."

ఆ కాగితం పట్టుకుని కనకలింగం నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారండీ, శాశ్వతంగా అంటే ఎన్నాళ్ళండీ?"

"ఎప్పటికీ అని."

"మరి రోజూ ఏడు మైళ్ళు వస్తున్నాను గదండీ."

"దొరగారు కాలువగట్టు మీద పరీక్ష పెట్టలేదు," అన్నాను. అది తమాషాగా ఉందనుకున్నాను. వాడు నవ్వలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం మామూలుగానే పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

రెండు వారాల తరవాత యుద్ధనిధి క్రీడోత్సవం జరిగింది. జిల్లా కలెక్టరు గారు అధ్యక్షులు. మైలు పందెంలో గెలిచినవాడికి రెండు బస్తాల సన్నబియ్యం బహుమతి. అది రావు బహదూర్ గారి దానం. మూతులు కుట్టిన ఆ బస్తాలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన చిన్న జెండాలు గుచ్చి వేదికమీద నిలబెట్టారు. నాలుగు వేలమంది జనం వచ్చారు. కలెక్టరు గారిని చూసినదానికంటే బస్తాలను ఎక్కువ భక్తితో చూశారు. ఒక ముసలాయన దణ్ణం పెట్టడం నా కళ్ళారా చూశాను.

ఊళ్ళో సెకన్ల ముల్లున్న గడియారం నాకే ఉండటంవల్ల నన్ను కాలనిర్ణేతగా వేశారు. కందకాల చుట్టూ నాలుగు చుట్లు. సాయంత్రం నాలుగు గంటలకు పదకొండుమంది బయలుదేరారు. మొదటి చుట్టులో ఇద్దరు కందకంలో పడ్డారు. మూడో చుట్టులో ఏడుగురు ఎండకు తాళలేక కూలబడ్డారు. చివరికి మిగిలింది ఇద్దరే. ముందు కనకలింగం, వెనక ముస్తఫా. ముస్తఫా మా కళాశాల హాకీ జట్టు నాయకుడు, బాగా పరుగెత్తేవాడు. కనకలింగం అతనికంటే ఎనభై గజాలు ముందు గీత దాటాడు. నాలుగు నిమిషాల యాభై ఒక్క సెకన్లు. చదును పాదాల ముద్రలు ఇసుకలో చుట్టూ స్పష్టంగా పడ్డాయి.

కలెక్టరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పట్టలేని ఉత్సాహంలో అక్కడికక్కడే మద్రాసుకు తంతి పంపించారు. "జిల్లా యువకుడు మైలు పందెంలో అపూర్వ విజయం. సైన్యంలో చేరాలని తహతహ." బహుమతి మర్నాడు ప్రిన్సిపాల్ గారి చేతుల మీదుగా ఇస్తామన్నారు.

ఆ మర్నాడు రాలేదు. దాని బదులు మద్రాసునించి జవాబు వచ్చింది. "తహతహలాడుతున్న యువకుణ్ణి ఎందుకు చేర్చుకోలేదు? సంజాయిషీ పంపండి."

సంజాయిషీ రాయడానికి డిప్యూటీ కలెక్టరు శోభనాద్రి గారు ఫైలు చంకన పెట్టుకుని దిగారు. ఆయన సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ జలుబు చేసినవాడిలా ఉండేవారు. ప్రిన్సిపాల్ గారి గదిలో మొదటి సమావేశం. రావు బహదూర్ గారు, ఆచార్యులవారు, శోభనాద్రి గారు, నేను. గోడవారగా రెండు బస్తాలు.

"విషయం అత్యంత సున్నితమైనది," అన్నారు శోభనాద్రి గారు. "ఒక పక్క ఈ కుర్రవాడు పరుగెత్తజాలడని సైనిక వైద్యాధికారి ముద్ర. మరొక పక్క పరుగెత్తినాడని జనశ్రుతి. రెంటిలో ఒకటి మాత్రమే వాస్తవం కావలె."

"జనశ్రుతి ఏమిటండీ, మనమందరం చూశాం గదా," అన్నాను.

"చూచుట వేరు, దాఖలా వేరు. మేజరు దొరవారి ధ్రువపత్రం తప్పని మనమంటే, వారు ఈ మద్రాసు ప్రెసిడెన్సీలో పరీక్షించిన నలభై వేలమంది పాదాలను మళ్ళీ నీటిలో ముంచవలసి వస్తుంది. యుద్ధం ఆగిపోదా?"

రావు బహదూర్ గారు గాఢంగా నిట్టూర్చారు. "సైనికుణ్ణి తలుచుకోండి," అన్నారు.

అప్పుడు నేను ఒక పని చేశాను. ఈ కథలో అన్నిటికంటే పెద్ద తెలివితక్కువ పని నాదే. వాళ్ళను వెక్కిరిద్దామని, తరగతిలో చెప్పే గొంతుతో అన్నాను. "ఇందులో చిక్కేముందండీ. చదును పాదాలవాడు పరుగెత్తలేడు. కనకలింగం చదును పాదాలవాడు. కాబట్టి కనకలింగం పరుగెత్తలేడు. పరుగెత్తలేడు గనక పరుగెత్తలేదు. ఒక్క అక్షరం తేడా."

నవ్వుతారని చూశాను. శోభనాద్రి గారు కలం తీశారు.

"మళ్ళీ ఒకసారి మెల్లగా సెలవివ్వండి," అన్నారు.

ఆచార్యులవారు మా కళాశాల తర్కశాఖ ప్రతిభ గురించి రెండు మాటలు చెప్పారు. అయ్యా, అది వేళాకోళమండీ అని నేను అనబోయాను. అప్పటికే టీ వచ్చింది. కప్పు పుచ్చుకున్నాను, కాగితం పుచ్చుకున్నాను, సంతకం పెట్టాను. ఉద్యోగం అలాంటిది అని నాకు నేను చెప్పుకున్నాను. ఏ ఉద్యోగమూ అలాంటిది కాదని ఇప్పుడు తెలుసు.

రెండో సమావేశానికి కనకలింగాన్ని పిలిపించారు. వాడు తలుపు దగ్గర నిలబడి ఒకసారి బస్తాలవైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"నీవు ఫలానా తేదీన పరుగెత్తినట్లు ఒక అపోహ వ్యాపించి ఉన్నది," అన్నారు శోభనాద్రి గారు. "దానిని నీవు ఖండించవచ్చును."

"పరిగెత్తానండి. గెలిచానండి."

"నీ పాదాలు చదునా, కాదా?"

"చదునేనండి. మా అమ్మవీ అంతేనండి."

"మరి?"

"ఇప్పుడు పరిగెత్తి చూపిస్తాను, గడియారం పెట్టండి," అన్నాడు కనకలింగం. "బయట గ్రౌండు ఖాళీగానే ఉందండి."

శోభనాద్రి గారు ఉలిక్కిపడ్డారు. "కూడదు! సైనిక ధ్రువపత్రానికి విరుద్ధంగా పరుగెత్తుట యుద్ధకాలపు నిబంధనల కింద నేరం. శత్రువు చూస్తే మన వైద్యశాఖను గురించి ఏమనుకుంటాడు? ఇకమీదట బహిరంగ ప్రదేశంలో నీవు పరుగెత్తరాదు. వేగంగా నడచుట కూడా అనుమానాస్పదమే."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. విమానదాడి రక్షణ దళంలోంచి ఒక వార్డెన్‌ను, తగరపు టోపీ, ఈలతో సహా, కనకలింగం వెనక సైకిలు మీద పంపారు. కుర్రవాడు కొంచెం తొందరగా అడుగేస్తే ఈల. ఏడు మైళ్ళూ ఈల. తెల్లవారకముందే ఇంటినించి బయలుదేరినా వాడు నా తరగతికి అరగంట ఆలస్యంగా వచ్చేవాడు. మొదటివారం ఎవరూ చూడకుండా హాజరు వేశాను. రెండోవారం ఆచార్యులవారు కనిపెట్టి, హాజరు పట్టీ తనే వేయసాగారు. ఇంకో పది రోజులు ఇలా సాగితే వాణ్ణి పరీక్షకు కూచోనివ్వరు.

ఇక కమిటీ ముందు రెండో చిక్కు. కనకలింగం పరుగెత్తకపోతే గెలిచింది ముస్తఫా. మూడో సమావేశంలో అతన్ని పిలిచి, బహుమతి నీదే, బస్తాలు తీసుకెళ్ళు అన్నారు.

ముస్తఫా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను రెండోవాణ్ణి సార్. నా ముందు కనకలింగం ఉన్నాడు."

"నీ ముందు ఎవరునూ లేరు. అది తీర్మానం అయిపోయినది."

"నాలుగు చుట్లూ వాడి వీపే చూశాను సార్. ఇదిగో ఈ భుజం మీద పుట్టుమచ్చ కూడా ఉంది."

శోభనాద్రి గారి మొహం వెలిగింది. "లేని మనిషి వీపు నీకు కనబడినది. దానిమీద మచ్చ కూడా కనబడినది. ఇది దృష్టిదోషం. కళ్ళు సరిగా కనబడనివాడు గీత ఎక్కడున్నదో చూడలేడు. చూడలేనివాడు దాటినాడని ఎట్లా అనగలం? ఏమండీ, తర్కం మాస్టారూ?"

నేను టీ కప్పులోకి చూశాను. రెండో సంతకం.

బయటికి వచ్చాక ముస్తఫా నాతో ఒక్కమాట అన్నాడు. "ఆ రెండు బస్తాలు తీసుకెళ్ళి నేనే వాళ్ళింట్లో దింపేసి ఉండచ్చు సార్. కాని వాడు పరిగెత్తలేదని నా నోటితో చెప్పి ఇచ్చే బియ్యం వాడు తింటాడా?"

అప్పుడు మూడో చిక్కు వచ్చింది. నాలుగు వేలమంది చూశారు. వాళ్ళందరికీ దృష్టిదోషం అనవచ్చు గాని, కలెక్టరు గారూ చూశారు, చప్పట్లు కొట్టారు. కలెక్టరు గారికి దృష్టిదోషం ఉందని రాసే కలం ఈ భూమ్మీద తయారు కాలేదు. నాలుగో సమావేశం, అయిదో సమావేశం దీనితోనే గడిచాయి. నా గడియారాన్ని సాక్ష్యంగా లక్కముద్ర వేసి బీరువాలో పెట్టారు. అందులోనే అది ఆగిపోయింది. "చూశారా, నమ్మదగిన యంత్రం కాదు," అన్నారు శోభనాద్రి గారు.

ఆరో సమావేశంలో రావు బహదూర్ గారే దారి చూపించారు. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి అన్నారు.

"బ్లాకవుట్."

"చిత్తం?" అన్నారు ఆచార్యులవారు.

"ఆ రోజు సాయంత్రం నాలుగు నించి అయిదు దాకా జిల్లా అంతటా, శత్రు విమానాలకు ఊరు కనబడకుండా దీపాలార్పే ఆ బ్లాకవుట్ అమల్లో ఉన్నదని ఉత్తర్వు ఇద్దాం, వెనకటి తేదీ వేసి. బ్లాకవుట్‌లో ఏదీ కనబడకూడదు. కనబడకూడనిది చూసినవాడెవడైనా సరే చట్టాన్ని ఉల్లంఘించినట్టే. కలెక్టరు గారు చట్టాన్ని ఉల్లంఘించరు. కాబట్టి వారు చూడలేదు."

ఆచార్యులవారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను ఉండబట్టలేక అడిగాను. "మరి నాలుగు గంటలకు ఎండ ఉంది కదండీ."

"సూర్యుడు మన జిల్లా పరిధిలోనివాడు కాడు," అన్నారు శోభనాద్రి గారు రాస్తూనే.

"మరి కలెక్టరు గారి చప్పట్లు?"

"దోమలు. కందకాలలో నీరున్నది కదా."

అలా తీర్మానం అయింది. ఫలానా తేదీన పెదరేవులో మైలు పందెం జరగలేదు. అందులో ఎవరూ పాల్గొనలేదు, ఎవరూ గెలవలేదు, దానికి బహుమతి ఏదీ ప్రకటింపబడలేదు. సంతకాలు నాలుగు. నాలుగోది నాది.

సరిగ్గా అప్పుడే వరండాలో గొడవ వినబడింది. అటెండరు ఎవరినో ఆపుతున్నాడు. ఆపలేకపోయాడు. ఒక సన్నటి ఆడమనిషి గుమ్మంలోకి వచ్చింది. కాళ్ళకు దుమ్ము, చంకలో మడత పెట్టిన గోనెసంచి.

"నేను కనకలింగం అమ్మనండి, అంకమ్మని," అంది. "మావోడు పందెంలో గెలిచాడంట గదా బాబూ. రెండు బస్తాల బియ్యం ఇస్తారన్నారంట. నెల దాటింది. ఆడు సిగ్గుపడి అడగడు. అందుకని నేనే వచ్చా. ఒక్కసారిగా మొయ్యలేను, ఇయ్యాల కాసిని పట్టుకెళతా."

ఆచార్యులవారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, పందెం జరగలేదు."

"జరగలేదా?"

"జరగలేదు. బహుమతి కూడా ఏమీ లేదు."

ఆమె గోడవారగా ఉన్న బస్తాలవైపు చూసింది. పసుపు, కుంకుమ, జెండాలు. "మరి అవేంటి బాబూ?"

"ఏవి?" అన్నారు శోభనాద్రి గారు.

అంకమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. నా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. మాస్టారని వాడు ఇంట్లో చెప్పి ఉంటాడు. తరవాత సంచి మళ్ళీ మడత పెట్టుకుంది. "పిల్లలు ఇద్దరూ రాత్రినించి ఏమీ తిన్లేదు," అని గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

రావు బహదూర్ గారు నిట్టూర్చారు. ఆయన నోరు తెరవకముందే నేను లేచి బయటికి వచ్చేశాను.

ఆ రాత్రంతా నిద్రపోలేదని రాస్తే బాగుంటుంది గాని, నిద్రపోయాను. తెల్లవారి లేచి, పళ్ళు తోముకుంటూ ఉండగా తట్టింది. నిన్న నేను సంతకం పెట్టిన తీర్మానం, నా జీవితంలో చూసిన వాటన్నిటిలోకీ నిర్దుష్టమైన తర్కం. పందెం జరగలేదు. కాబట్టి బహుమతి లేదు. కాబట్టి ఆ గదిలో బస్తాలు లేవు. లేని బస్తాలను ఎవరూ దొంగిలించలేరు.

ముస్తఫాను పిలిచాను. అద్దెకు ఒక ఒంటెద్దు బండి మాట్లాడాను. పట్టపగలు, పదకొండు గంటలకు, అందరూ చూస్తుండగా కళాశాల ముందు బండి ఆపించి ప్రిన్సిపాల్ గారి గదిలోకి నడిచాం. ఆచార్యులవారు ఏదో రాసుకుంటున్నారు. మేము మొదటి బస్తా ఇద్దరం చెరోపక్కా పట్టి, మూలుగుతూ మోసుకెళ్ళి బండిలో వేశాం. రెండో బస్తాను ముస్తఫా ఒక్కడే ఎత్తి భుజాన వేసుకున్నాడు. క్రీడాకారుడంటే అదీ అనుకున్నాను.

"ఏమిటయ్యా అది? ఏం తీసుకెళ్తున్నారు?" అన్నారు ఆచార్యులవారు లేచి నిలబడి.

"ఎక్కడండీ?" అన్నాను.

"అదే, ఆ..." ఆయన ఆగిపోయారు. బస్తా అంటే బహుమతి ఉన్నట్టు. బహుమతి ఉంటే పందెం ఉన్నట్టు. పందెం ఉంటే పరుగు, పరుగు ఉంటే మేజరు దొర, మేజరు దొర తప్పయితే మద్రాసు, మద్రాసు తరవాత రావు సాహెబ్ బిరుదు. ఇదంతా ఆయన మొహంలో వరసగా నడిచిపోవడం చూశాను. చివరికి ఆయన మెల్లగా కూచున్నారు.

"ఏమీ లేదు," అన్నారు. "తలుపు దగ్గరికి వెయ్యండి."

తలుపు దగ్గరికి వేశాను.

నేతపాలెం చేరేసరికి ఎండ చురచురలాడుతోంది. అంకమ్మ ఇంట్లో మగ్గం గుంటలో చిన్నచెల్లెలు కూచుని గవ్వలాడుకుంటోంది. కనకలింగం గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ రోజు వాడు కళాశాలకు రాలేదు. బస్తాలు చూసి బండి దగ్గరికి వచ్చాడు. "ఒప్పుకున్నారాండీ? నేను పరిగెత్తానని?" అన్నాడు.

నేను అబద్ధం చెప్పి ఉండవలసింది. "లేదు నాయనా," అన్నాను. "మేమే తెచ్చేశాం."

వాడు తలదించుకున్నాడు. ముస్తఫా వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎనభై గజాలు రా. నేను ఎక్కడైనా చెప్తాను," అన్నాడు.

అంకమ్మ కత్తిపీట తెచ్చి మొదటి బస్తా మూతి కోసింది. సన్నబియ్యం. తెల్లగా, మల్లెమొగ్గల్లా. చేట నిండా పోసి, పెద్దకూతురికిచ్చి పొయ్యి రాజెయ్యమంది. తరవాత రెండో బస్తా కోసింది.

పైన రెండు దోసిళ్ళ బియ్యం. దానికింద అంతా ఊక.

రావు బహదూర్ గారి మిల్లు ఊక అది. వేదికమీద పసుపు కుంకుమలతో, జెండాతో, నాలుగు వేలమంది ముందు నిలబడిన ఊక. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడే వెళ్ళి రావు బహదూర్ గారిని నిలదీస్తాను అన్నాను. అంటూ ఉండగానే నోరు మూతపడింది. ఏమని అడగాలి? లేని పందెంలో, లేని బహుమతిలో, రెండో బస్తా బియ్యం కాదని అడగాలా? నేనే సంతకం పెట్టాను. నిన్న నా తర్కంలో ఒక్క లొసుగు కూడా లేదు. ఇవాళా లేదు.

ఆ మాటే అంకమ్మతో చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. తీర్మానం ఏమిటో, దానివల్ల ఎవరినీ ఎందుకు అడగలేమో, అన్నీ విడమరిచి చెప్పాను. నలభైమంది విద్యార్థులకు చెప్పినదానికంటే శ్రద్ధగా చెప్పాను. ఆమె ఊకలో చెయ్యి పెట్టి, పిడికిలి తీసి, వేళ్ళ సందుల్లోంచి జారనిస్తూ వింది.

"పోనీలే బాబూ," అంది చివరికి. "ఊక పొయ్యిలోకన్నా పనికొస్తది. మీ కమిటీ దేనికి పనికొస్తది?"

ఊక పొయ్యి అప్పటికే రాజుకుంది. పెద్దకూతురు ఎసరు పెట్టి, మూత పెట్టి, నీళ్ళు ఎప్పుడు మరుగుతాయా అని ఎదురుగా కూచుంది. అన్నం తిని వెళ్ళమని అంకమ్మ మమ్మల్ని అడిగింది. ముస్తఫా కూచున్నాడు. నాకు ఆకలిగానే ఉంది గాని, బండి తిరిగి అప్పజెప్పాలని చెప్పి వచ్చేశాను.